లిస్టులో రెండోది

ఇది ఇంతకు ముందు రాయకపోవడానికి మొదటి కారణం, నాకు రాయడం రాకపోవడం. యాభై మూడో ఏట అక్షరాలు దిద్దడం మొదలుపెట్టాను. రెండో కారణం, చదవడం వచ్చాక తెలిసిన ఒక సంగతి. అమలాపురంలో కంప్యూటరు ప్రోగ్రాములు తయారుచేసే చిన్న ఆఫీసులో నేను పనిచేసేదాన్ని. అక్కడ నేను చేసిన తప్పు దేవి అనే అమ్మాయి మీద పడింది. ఆ అమ్మాయి ఉద్యోగమే వదిలేసి వెళ్ళిపోయింది. ఆ తప్పు నాదని ఆరేళ్ళ తర్వాత నాకు రుజువు దొరికింది. ముందు ఆమెకు చెప్పకుండా ఇది రాయకూడదనుకున్నాను. చెప్పాను కాబట్టి రాస్తున్నాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తారు. జీతం గురించి, పెద్ద ఊళ్ళ గురించి అడుగుతారు. అవి నాకు తెలియవు. పని ఎలా ఉంటుందో మాత్రం తెలుసు. ఎక్కువ భాగం ఎదురుచూడడం, చేసిందే మళ్ళీ చేయడం, నడుం నొప్పి. మిగతాది ఈ కింద రాశాను.

ఊడ్చడానికి వెళ్ళి

మెయిన్ రోడ్డులో బట్టల కొట్టు పైన రెండు గదులు మా ఆఫీసు. యజమాని మూర్తిగారు. రైసు మిల్లులకి, కొబ్బరి మండీలకి, ల్యాబులకి కంప్యూటరులో నడిచే ప్రోగ్రాములు చేసి ఇచ్చేవారు. నన్ను ఊడ్చడానికి, టీ తేవడానికి పెట్టుకున్నారు. ఏడాది తిరక్కముందే ఒకరోజు చీపురు పక్కన పెట్టించి కంప్యూటరు ముందు కూర్చోమన్నారు.

"నాకు చదువు రాదండి" అన్నాను.

"అందుకే కూర్చోమంటున్నానండి మణిగారూ. ధాన్యం తూకం రాయాలి. మీకు ఎక్కడ నొక్కాలనిపిస్తే అక్కడ నొక్కండి."

నొక్కాను. రాసిందంతా పోయింది. ఆ పక్కన కూర్చున్న కుర్రవాళ్ళు నవ్వారు. మూర్తిగారు నవ్వలేదు. దాచే బటనూ, చెరిపే బటనూ ఒకే రంగులో పక్కపక్కన పెట్టిన వాణ్ణి పిలిచి, "మిల్లులో గుమస్తా చెయ్యి కూడా అక్కడికే పోద్ది. మార్చు" అన్నారు. అప్పట్నుంచి ప్రతి స్క్రీనూ ముందు నా చేతి కిందికి రావలసిందే. చదువు రాని మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని ప్రోగ్రాము రాయించిన ఇంకో యజమానిని నేను ఎక్కడా చూడలేదు. అందులో ఆయన గొప్పవారు. ఇంకో సంగతిలో కాదు, అది తర్వాత చెబుతాను.

కట్టేవాడు వేరే ఉండాలి

ఆలమూరులో ఒక మిల్లుకి ప్రోగ్రాము ఇచ్చాం. మా ఆఫీసులో చక్కగా నడిచింది. అక్కడ తెరుచుకోనే లేదు. రాసిన కుర్రవాడు రెండు రోజులు మిల్లులో కూర్చుని చివరికి కనిపెట్టాడు. ప్రోగ్రాముకి కావలసిన ఒక ఫైలు వాడి సొంత కంప్యూటరులో, వాడి సొంత ఫోల్డరులో ఉంది. ప్రాజెక్టు దాన్ని అక్కడినుంచే తీసుకుంటోంది. వాడి దగ్గర ఉన్నది లోకంలో అందరి దగ్గరా ఉంటుందనుకున్నాడు.

ఆ వారమే మూర్తిగారు ఒక నియమం పెట్టారు. రాసినవాళ్ళు బిల్డు చేయకూడదు. బిల్డు అంటే, రాసిన దాన్నంతా కలిపి, వేరే చోట నడిచే ఒక్క వస్తువుగా కట్టడం. రాసినవాడికి తన రాత మీద నమ్మకం ఉంటుంది, వాడు చూడాల్సింది చూడడు అని ఆయన వాదన. మరి ఎవరు చేయాలి? అందరూ ఏదో ఒకటి రాసేవాళ్ళే. ఏమీ రాయని మనిషిని నేనొక్కదాన్నే.

ప్రోగ్రాములు రాసే సాఫ్టువేరుని వాళ్ళు ఐడీఈ అనేవారు. రాసే చోటు, తప్పులు చూపించే చోటు, కట్టే పనిముట్టు అన్నీ ఒకే కిటికీలో ఉంటాయి. నాకు దాన్ని మూర్తిగారే నేర్పారు. ఊదారంగు బొమ్మ రెండుసార్లు నొక్కు. ఎడమవైపు జాబితాలో పైనుంచి మూడో ప్రాజెక్టు తెరువు. పైన చిన్న లిస్టు దింపి రెండోది ఎంచుకో. సుత్తి బొమ్మ నొక్కు. కింద అక్షరాలు వరదలా పరుగెడతాయి, అవి ఆగాక ఎరుపు లేకపోతే మంచిది. ఆ అక్షరాలన్నిటినీ తేదీ పేరుతో ఒక ఫైలులో దాచు. అప్పుడు పెన్‌డ్రైవు తీసుకుని మూల గదిలో ఖాళీ కంప్యూటరు దగ్గరికి వెళ్ళు.

ఆ ఖాళీ కంప్యూటరులో ఏమీ ఉండదు. ప్రోగ్రాము రాసే సాఫ్టువేరు లేదు, ఎవరి సొంత ఫైళ్ళూ లేవు. మీరు నా దగ్గర ఒక్కటే నేర్చుకుంటానంటే అదే నేర్చుకోండి. మీ కంప్యూటరులో నడిచిందన్న మాటకి విలువ లేదు. ఏమీ లేని చోట నడిచిందా, అది చెప్పండి.

ఇంకొన్ని ఉన్నాయి. ప్రాజెక్టు తెరిచిన రోజునే దానికి సరైన పేరు పెట్టండి. 'కొత్తది' అని పెట్టినవాళ్ళు నెల తిరిగేసరికి 'కొత్తది రెండు' పెడతారు, తర్వాత 'ఆఖరిది', తర్వాత 'నిజంగా ఆఖరిది'. పసుపు గుర్తుతో వచ్చే హెచ్చరికల్ని వదిలేయకండి. మొదటి రోజు నాలుగు ఉంటాయి, ఏడాదికి నాలుగు వందలవుతాయి, ఐదు వందలోది మిమ్మల్ని ముంచేదైనా కనపడదు. ఏదైనా చెడితే ఒకసారికి ఒక్కటే మార్చి చూడండి. ఈ చివరిమాట నాకు ఎలా తెలిసిందో ఇక చెబుతాను.

దేవి

దేవి రాజోలు అమ్మాయి. రోజూ బస్సులో వచ్చేది. పని బాగా చేసేది, మాటలు కూడా బాగా చెప్పేది.

"పిన్నిగారూ, మీరు బిల్డు కొడతంటే వీణ వాయించినట్టుంటదండి. చూడకుండానే పోతాయి చేతులు."

"నువ్వు రాసింది నడిస్తే ఇంకా బాగుంటది తల్లీ."

నాకు చదవడం రాదని దేవికి తెలియదు. తర్వాత వచ్చినవాళ్ళెవరికీ తెలియదు. "ఎవరితో అనకండి మణిగారూ. మన బిల్డులు చదువు రాని ఆవిడ చేస్తుందంటే కస్టమర్లు మన ఆఫీసు మెట్లెక్కరు" అని మూర్తిగారు చెప్పారు. నాకూ సిగ్గే. ఎవరైనా కాగితం చేతికిస్తే కళ్ళజోడు తేలేదనేదాన్ని.

"మీ కళ్ళజోడు ఎప్పుడూ ఇంట్లోనే ఉంటదేంటండి. దాన్నే పంపించండి ఆఫీసుకి, మీరు ఇంట్లో ఉండండి" అనేది దేవి.

నవ్వేదాన్ని. నవ్వితే మాట అక్కడితో ఆగిపోయేది.

ముమ్మిడివరంలో చెరువు నీళ్ళు పరీక్షచేసే ఒక ల్యాబుకి దేవి ప్రోగ్రాము రాసింది. రొయ్యల రైతులు సీసాల్లో నీళ్ళు తెస్తారు. ల్యాబులో పరీక్ష చేసి అంకెలు మా ప్రోగ్రాములో కొడతారు. అవి సర్వరుకి వెళ్తాయి. నీళ్ళలో తేడా ఉంటే రైతు ఫోనుకి మెసేజి వెళ్తుంది. బాగుంటే ఏ మెసేజీ వెళ్ళదు. ల్యాబువాళ్ళు అలా అడిగారు, మేం అలాగే చేశాం. ఇప్పుడు ఎవరైనా అలా అడిగితే ఒప్పుకోకండి. మెసేజి రాకపోవడాన్ని శుభవార్తగా ఎప్పుడూ పెట్టకూడదు.

బిల్డు చేసే ముందు నేను దింపే చిన్న లిస్టులో రెండు పేర్లుండేవి. పైది ప్రాక్టీసు. దానితో కడితే అంకెలు మా ఆఫీసులోని ఉత్తుత్తి సర్వరుకి వెళ్తాయి, రైతులకి ఏమీ వెళ్ళదు. రెండోది రియల్. ల్యాబుకి ఇచ్చేది అదే. నాకు పేర్లతో పనిలేదు. రెండోది, అంతే.

ఒక శుక్రవారం దేవి నా బల్ల దగ్గరికి వచ్చింది.

"పిన్నిగారూ, ఇంకో ల్యాబువాళ్ళకి చూపించడానికి డెమో అని లిస్టులో ఒకటి చేర్చేను. ఇకనుంచి పేరు చూసి ఎంచుకోండి."

"ఆయ్" అన్నాను.

అడగవలసిన మాట నా నోటి దాకా వచ్చింది. ఎన్నోది అని ఒక్క ముక్క అడిగితే చాలు. అడిగితే ఎందుకని తను అడుగుతుంది. అడగలేదు. లిస్టు దింపాను, మూడు పేర్లున్నాయి. కొత్తగా వచ్చినవాళ్ళు క్యూలో వెనక నిలబడతారు కదా, కొత్త పేరూ కిందే ఉంటుంది అనుకున్నాను. రేషను కొట్టు దగ్గరా, బస్సు దగ్గరా నా బతుకంతా చూసింది అదే. రెండోది నొక్కాను. సుత్తి నొక్కాను. ఎరుపు రాలేదు. ఖాళీ కంప్యూటరులో నడిపి చూశాను. అంకెలు కొట్టాను, ఆకుపచ్చ టిక్కు వచ్చింది. శనివారం పొద్దున్న ల్యాబులో పెట్టారు.

మూడు రోజులు

మంగళవారం ఆఫీసు తలుపు తీసేసరికి ఒక రైతు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. వెంకన్నగారు, ముమ్మిడివరం అవతల కౌలు చెరువు. పంచె మోకాళ్ళదాకా తడిసి బురదగా ఉంది. మూర్తిగారు రాగానే లేచి ఫోను చూపించారు.

"మెసేజి ఏదండీ?"

శనివారం సీసా ఇచ్చారట. అమ్మోనియా ఎక్కువుందని ల్యాబులో అంకె కొట్టారు, మెసేజి వెళ్ళిందనుకున్నారు. మెసేజి రాలేదు కాబట్టి నీళ్ళు బాగున్నాయని ఈయన అనుకున్నారు. సోమవారం తెల్లవారేసరికి రొయ్యలు గట్టు పొడుగునా తేలాయి.

"తెల్సుంటే నీళ్ళు మార్చుకునేవోణ్ణి గదండి. నీళ్ళకి గాలాడించే ఏరేటర్లు ఆపకుండా తిప్పుకునేవోణ్ణి. నా చేతిలో మోటారుంది, నీళ్ళున్నాయి, చేతులున్నాయి. మీ మెసేజి లేదు." ఫోను దించి, "ఎవరు రాసేరండి ఇది?" అన్నారు.

మూర్తిగారు దేవి వైపు చూశారు. "ఈ అమ్మాయండి."

వెంకన్నగారు దేవిని కిందినుంచి పైదాకా చూశారు. "చదువుకున్నావా అమ్మా నువ్వు?"

నేను టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. ఆయనకి ఒకటి ఇచ్చాను. తీసుకోలేదు.

ఆయన వెళ్ళాక మూర్తిగారు తనే కంప్యూటరు ముందు కూర్చున్నారు. భయంలో అన్నీ ఒకేసారి మార్చేశారు. సర్వరు ఎడ్రసులున్న ఫైలు తెరిచి మళ్ళీ మొత్తం కొట్టారు. డెమో తీసేశారు. ఎవరినీ ముట్టుకోనివ్వకుండా బిల్డు తనే చేశారు. మెసేజిలు వెళ్ళాయి. ఏది మార్చడంవల్ల వెళ్ళాయో ఎవరికీ తెలియదు, ఎవరూ చూడలేదు.

"డెమో చేర్చేటప్పుడు ఎడ్రసులు తారుమారు చేసేవమ్మా" అన్నారు.

"సరిగ్గానే పెట్టేననుకున్నానండి."

"అనుకున్నావు."

దేవి తనే తప్పు చేశానని నమ్మేసింది. మంచి పనివాళ్ళతో వచ్చే చిక్కు అదే, తొందరగా నమ్మేస్తారు. వెంకన్నగారి అత్తవారిది రాజోలు. అక్కడ ఒక పెళ్ళి భోజనాల దగ్గర దేవి నాన్నగారిని పట్టుకుని పదిమందిలో అడిగారట, మీ అమ్మాయికి ఏం చదువు చెప్పించారని. నెలాఖరుకి దేవి మానేసింది. నాకు చెప్పి వెళ్ళింది. "కళ్ళజోడు జాగర్తండి" అంది.

నాకు అప్పుడు అనుమానం రాలేదంటే అబద్ధం. లిస్టు సంగతి రెండు మూడుసార్లు మనసులోకి వచ్చింది. రుజువు లేదు కదా అని తోసేశాను. రుజువు ఉంది. నేనే దాచిన ఫైలులో ఉంది. చదవడం రాని మనిషికి అది చాలా సుఖం.

చదవడం వచ్చాక

చదువుకున్నావా అని వెంకన్నగారు దేవిని అడిగిన ప్రశ్న నాకు తగిలింది. మా వీధిలో రిటైరైన టీచరుగారు ఒకావిడ ఉన్నారు. సాయంత్రాలు ఆవిడ అరుగు మీద మొదలుపెట్టాను. తెలుగుకి రెండేళ్ళు పట్టింది, ఇంగ్లీషు అక్షరాలకి ఇంకో ఏడాది. బుర్ర అలిసిపోయాక వచ్చే చదువు బరువుగా ఉంటుంది. వచ్చాక కూడా ఆ పాత ఫైళ్ళ జోలికి వెళ్ళలేదు. పనుందనుకున్నాను.

నేను మానేసే వారం మూర్తిగారు పాత ఫోల్డర్లు తీసేసి వెళ్ళమన్నారు. బిల్డు ఫైళ్ళు వందలున్నాయి. అన్నీ నేను దాచినవే, ఒక్క అక్షరం కూడా చదివినవి కావు. ఆ శుక్రవారంది తెరిచాను. అంతకు ముందు శుక్రవారంది పక్కన తెరిచాను. రెండిటిలోనూ పైన ఏ పేరుతో కట్టారో ఉంటుంది. వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివాను. ముందు వారంది రియల్. ఆ వారంది ప్రాక్టీసు. లిస్టు ఇంగ్లీషు అక్షరాల వరసలో ఉంటుంది కాబట్టి కొత్తగా వచ్చిన డెమో అన్నిటికన్నా పైకెక్కి, ప్రాక్టీసు రెండోదైంది. ఆ ఫైలులోనే ఉన్న అప్పటి ఎడ్రసులు కూడా చదివాను. దేవి పెట్టినవి ఎక్కడివక్కడే సరిగ్గా ఉన్నాయి.

మూర్తిగారికి చూపించాను. ఆయన చాలాసేపు చూశారు.

"ఇప్పుడెందుకండి మణిగారూ. ఆయన ఆ చెరువు ఎన్నిసార్లు ఎండబెట్టి మళ్ళీ నింపుకున్నాడో."

"దేవి సంగతండి?"

"ఆ అమ్మాయి మర్చిపోయే ఉంటది. మీరు వెళ్ళి చెప్తే మీ పేరూ పోద్ది, నా పేరూ పోద్ది. చదువు రాదని తెల్సీ కూర్చోబెట్టింది నేనే గదా."

ఆయన అన్నది నిజమే. తప్పులో ఆయన వాటా ఉంది. ఆ రోజు ఒక్కసారి ఈ ఫైలు తెరిచి ఉంటే అరగంటలో తేలేది. కానీ ఆయ్ అన్నది నేను. రెండు కాగితాలూ ప్రింటు తీసుకుని సంచిలో పెట్టుకున్నాను.

రాజోలు

దేవి బస్టాండు పక్క సందులో చిన్న కొట్టు నడుపుతోంది. జిరాక్సు, ఆన్‌లైను దరఖాస్తులు. ప్రోగ్రాములు మళ్ళీ ముట్టుకోలేదట. నన్ను చూసి కుర్చీ వేసింది, కూల్‌డ్రింకు తెప్పించబోయింది. వద్దన్నాను. కాగితాలు ముందు పెట్టి చెప్పాను.

చదివింది. మళ్ళీ చదివింది.

"అంటే నా ఎడ్రసులు సరిగ్గానే ఉన్నాయి."

"సరిగ్గానే ఉన్నాయి తల్లీ."

"పేరు చూసి ఎంచుకోమన్నాను గదండి."

"అన్నావు."

"మీరు ఆయ్ అన్నారు."

"అన్నాను. నాకప్పుడు చదవడం రాదు."

నా మొహంలోకి చూసింది. "కళ్ళజోడు" అంది నెమ్మదిగా. నేను తల ఊపాను. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు.

"ఇక్కడ ఒక్క దరఖాస్తు నింపడానికి నాలుగేసిసార్లు చూస్తానండి. వెనకాల జనం విసుక్కుంటారు. ఇంత నెమ్మదేంటమ్మా అంటారు. ఆరేళ్ళబట్టీ."

"నన్ను క్షమించమని అడగడానికి కూడా..."

"నాకు చెప్తే ఏం లాభమండి?" మధ్యలోనే ఆపింది. "నేను మిమ్మల్ని అడిగేనా? మా నాన్నగారిని అడిగేరు, పదిమందిలో. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. నేనే చేసేనని నమ్మి, నమ్మినట్టు పైకి కనపడకుండా ఉండి, అలాగే పోయేరు. అడిగినాయన మాత్రం ఉన్నాడు."

ఎవరో ఆధారు కాపీ కోసం వచ్చారు. దేవి లేచి తీసి ఇచ్చింది. చిల్లర ఇచ్చింది. తిరిగి వచ్చి కాగితాలు మడిచి సొరుగులో పెట్టుకుంది.

"ఇవి నాకుంచండి."

"నీవే."

బస్సు దాకా రాలేదు. రమ్మని నేను అడగలేదు.

మర్నాడు

తెల్లవారగానే ముమ్మిడివరం బస్సెక్కాను. అక్కడినుంచి ఆటో, తర్వాత గట్టు మీద నడక. వెంకన్నగారు ఇంకా అదే చెరువు చేస్తున్నారు. నీళ్ళలో దింపిన వల పళ్ళెం పైకి లాగి, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసుకుంటున్నారు.

"ఎవరండి?"

"అమలాపురం మూర్తిగారి ఆఫీసులో చేసేదాన్నండి. మీరొచ్చిన రోజు అక్కడున్నాను."

పరకాయించి చూశారు. "టీ ఇచ్చిన ఆవిడ గదూ."

"ఆయ్. టీ ఇచ్చిందీ నేనేనండి. మీ ల్యాబు ప్రోగ్రాము బిల్డు చేసిందీ నేనే."

ఆయనకి అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పాను. లిస్టులో మూడు పేర్లున్నాయని, చదవలేక రెండోది నొక్కానని, దేవి రాసినదాంట్లో తప్పు లేదని, మీ మెసేజి ఆగింది నా చేతివల్లనని చెప్పాను. కాగితాలు చూపించడానికి లేవు. నోటితోనే చెప్పాను.

వెంకన్నగారు వల పళ్ళెం మెల్లిగా నీళ్ళలోకి దింపి తాడు కర్రకి కట్టారు. చేతులు పంచెకి తుడుచుకున్నారు.

"రాజోల్లో పెళ్ళిలో అన్నానండి నేను. వాళ్ళ నాన్నగారిని."

"అందుకేనండి వచ్చేను."

అవతలి గట్టు మీద ఏరేటరు తిరుగుతోంది. ఆయన మోటారు షెడ్డు వైపు చూసి, "మా ఆవిడది రాజోలే, ఆవిడ కూడా వినాలి. మొదట్నుంచి చెప్పండి" అని ఆవిడని పిలిచారు.

ఆవిడ వచ్చి నిలబడ్డారు. నేను గట్టు మీద కూర్చుని మొదటినుంచి చెప్పాను.